మరణశిక్షపై ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సు: మూడో వారం కోసమైనా చేరొచ్చు

చేరిన రోజే ఒక పేజీ రాయమన్నారు. మరణశిక్ష ఉండాలా, వద్దా, ఎందుకు? "ఉండాలి. భయం లేకపోతే హత్యలు ఆగవు" అని పది నిమిషాల్లో రాసి పడేశాను. నేను లా చదవలేదు, బడిలో లెక్కలు చెబుతాను.

మొదటి రెండు వారాలు చరిత్ర. 1764లో మరణశిక్ష వద్దంటూ ఇటలీ రచయిత బెకారియా చేసిన వాదన, 1863లో వెనిజులాలో రద్దు, అలా సాగిపోతుంది. వేగం పెంచుకుని వినేయొచ్చు.

అసలు కోర్సు మూడో వారంలో మొదలవుతుంది. ఒక్కో మరణశిక్ష అమలు ఏడెనిమిది హత్యలను ఆపుతుండొచ్చని 1975లో ఐజాక్ ఎర్లిక్ అనే ఆర్థికవేత్త అమెరికా గణాంకాలతో అంచనా కట్టాడు. "చూశారా!" అనుకున్నాను. తర్వాత 1933 నుంచి 1969 దాకా ఉన్న ఆ లెక్కలే మా చేతికిచ్చి, 1960ల ఏళ్లు తీసేసి మళ్లీ చేయమన్నారు. ప్రభావం మాయమైంది! తప్పు నా స్ప్రెడ్‌షీట్‌లోనే ఉందేమోనని రాత్రి పదకొండింటిదాకా వెతుక్కున్నాను. అలాగని భయం పనిచేయదని రుజువైనట్టూ కాదు. ఇలాంటి అధ్యయనాలు హత్యలు తగ్గాయనో, పెరిగాయనో, తేడా లేదనో తేల్చలేవని, విధాన నిర్ణయాలకు వాటిని వాడొద్దని 2012లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ చెప్పింది. ఈ తేడాను మేడమ్ నాలుగుసార్లు చెప్పారు. నాకు నాలుగోసారికి ఎక్కింది.

ఐదో వారం మెక్‌క్లెస్కీ కేసు కూడా బాగుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో హతుడు తెల్లజాతివాడైతే మరణశిక్ష పడే అవకాశం నాలుగు రెట్లు దాటుతోందని లెక్కలు చూపించాయి. ఆ లెక్కలు సరైనవే అయినా, ముద్దాయి మెక్‌క్లెస్కీకి వివక్ష జరిగిందని తేలలేదంటూ 1987లో అమెరికా సుప్రీంకోర్టు అతని అప్పీలును 5-4తో కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ పావెల్, రిటైరయ్యాక, ఆ ఓటు మార్చుకునేవాణ్నన్నారు. ఆ మాట బయటికొచ్చేసరికి మెక్‌క్లెస్కీ ఎక్కడున్నాడో చూద్దామని వీడియో ఆపాను. 1991లోనే శిక్ష అమలు చేసేశారు.

లోపాలూ ఉన్నాయి. హతుల కుటుంబాలకు కేటాయించింది ఇరవై నిమిషాలే, అదీ చివరి వారం హడావిడిలో. క్విజ్‌లన్నీ ఏ సంవత్సరం, ఏ తీర్పు అనే బట్టీ ప్రశ్నలే.

ఆఖర్న నా మొదటి పేజీనే పంపి, సరిదిద్దుకోమన్నారు. "ఉండాలి" అన్నది కొట్టేయలేదు. భయం వాక్యం కొట్టేశాను. దాని బదులు ఏ కారణం రాయాలో తోచక రెండు రోజులు ఆలస్యంగా పంపితే, మార్కులు కోశారు.