గ్వాటెమాలా చలిలో, నికరాగ్వా ఎండలో ముదిరిన రమ్‌లు

స్పానిష్ వారు పాలించిన దేశాలలో తయారయ్యే రమ్‌ను జమైకా, మార్తినిక్ రమ్‌లతో ఒకే గాటన కట్టలేము. జమైకాలో రాగి పాత్రలలో బట్టీ పట్టి ఘాటును నిలుపుతారు. మార్తినిక్‌లో పచ్చి చెరకు రసాన్ని పులియబెడతారు. క్యూబా, నికరాగ్వా, గ్వాటెమాలా వంటి చోట్ల మాత్రం నిలువు స్తంభంలాంటి బట్టీ అయిన కాలమ్ స్టిల్‌లో తేలికైన మద్యం తీసి, దానిని ఓక్ పీపాలలో ఏళ్ల తరబడి నిలవ ఉంచి రుచి రప్పిస్తారు. అందువల్ల ఈ రమ్‌లను పోల్చదలచినవారు పీపాలు ముదిరే ఊళ్లను, అక్కడి చలినీ ఎండనూ స్వయంగా చూస్తే మేలని తలచి, నేను గ్వాటెమాలాను, నికరాగ్వాను ఎంచుకున్నాను.

గ్వాటెమాలాలో బసకు ఆంటిగ్వా అన్ని విధాలా అనువైనది. రాళ్లు పరచిన వీధులు, మధ్యలో పెరడున్న పాతకాలపు ఇళ్లలో నడిచే చిన్న సత్రాలు, తెల్లవారగానే కనిపించే ఆగ్వా అగ్నిపర్వతం, అన్నిటికీ మించి నడిచి వెళ్లగలిగేంత దూరంలో రమ్ రుచి చూపే దుకాణాలు ఉన్నాయి. అయితే అన్ని దుకాణాలూ ఒకటి కావు. ఒక చోట ముదురు రమ్‌ను ప్లాస్టిక్ గ్లాసులో మంచుముక్కలతో ఇచ్చారు. అలా తాగితే వాసనే తెలియదు. మరో చోట ఓపికగల ఒక యువతి సన్నమూతి గ్లాసులలో గ్వాటెమాలా రమ్‌లైన సకాపానూ బొత్రాన్‌నూ పక్కపక్కన పెట్టి, ముందు వాసన చూడమని, ఆ తరువాత అరచేతిలో రెండు చుక్కలు వేసుకొని రుద్దుకోమని చెప్పింది. బొత్రాన్ వెంటనే ఆరిపోయి చేతికి చెక్క వాసన మిగిల్చింది. సకాపా 23 మాత్రం కొంచెం జిగురుగా అంటుకొని, వెనిల్లా, ఎండుద్రాక్ష, కోకో వాసనలతో చాలాసేపు నిలిచింది.

సకాపా సీసాపై ఉన్న 23 అన్న అంకెను చూసి అందులోని రమ్ అంతా ఇరవై మూడేళ్లు ముదిరిందని అనుకోవడం పొరపాటు. షెర్రీ వైన్‌కు వాడే సొలేరా పద్ధతిని అనుసరించి, ఆరేళ్ల నుంచి ఇరవై మూడేళ్ల వరకు వయసున్న రమ్‌లను అందులో కలుపుతారు. దీనిని చెరకు మడ్డితో కాక, రసాన్ని మరిగించి చిక్కబరిచిన పాకంతో చేస్తారు. అనకాపల్లి వైపు బెల్లం వండేటప్పుడు దిమ్మ కట్టకముందు పెనంలో ఉడికే పాకం లాంటిదే అది. 1976లో సకాపా పట్టణపు శతజయంతికి ఈ రమ్‌ను రూపొందించారు. దీని మిశ్రమాలను ఏళ్లుగా తీర్చిదిద్దిన లోరెనా వాస్కెస్ పేరు ఈ రంగంలో అందరికీ తెలిసినదే.

సకాపా రమ్ పీపాలు ముదిరేది సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉన్న కెత్సాల్తెనాంగో ప్రాంతంలో. స్థానికులు ఆ ఊరిని షేలా అంటారు. అక్కడ రాత్రి చలి ఎముకలను తాకుతుంది, గదులలో హీటర్లు అరుదు, కాబట్టి అదనపు దుప్పటి ముందే అడిగి పెట్టుకోవాలి. రమ్ కోసమే వచ్చే యాత్రికునికి అక్కడ చూడగలిగింది తక్కువ. కానీ వేడి నేలలో త్వరగా ఆవిరైపోయే మద్యం ఈ చలిలో ఎందుకు నిదానంగా ముదురుతుందో అక్కడ ఒక రాత్రి గడిపినవారికి ఇట్టే అర్థమవుతుంది.

నికరాగ్వా పూర్తిగా భిన్నం. లియోన్‌లో బస చేసి, ఫ్లోర్ దె కాన్యా రమ్ తయారయ్యే చిచిగల్పాకు వెళ్లాలి. సాన్ క్రిస్తోబాల్ అగ్నిపర్వతం దారి పొడవునా కనిపిస్తుంది. లియోన్‌లో ఏసీ లేని గదిని, అది ఎంత చౌకైనా, నేను ఎవరికీ సిఫారసు చేయను. భోజనానికి ఇబ్బంది లేదు: అన్నం, చిక్కుడు గింజలు కలిపి వేయించిన గాయో పింతో ఎక్కడైనా దొరుకుతుంది, శాకాహారులు మాత్రం ఏ కొవ్వులో వేయించారో అడగాలి. ఫ్లోర్ దె కాన్యా సందర్శనకు చోటు ముందే ఖాయం చేసుకొని, ఇంగ్లీషులో వివరించే బృందం ఏ వేళకు ఉందో కనుక్కోవాలి. పీపాల గిడ్డంగిలోకి అడుగుపెట్టగానే ఉక్కపోత, దానితో పాటే మద్యపు ఆవిరి ముఖానికి కొడతాయి. పీపా పలకల సందులను ఎండిన అరటి జాతి ఆకులతో బిగించే పద్ధతి ఇక్కడ ఉంది. దగ్గరగా వంగి చూస్తే ఆ నార గోధుమ రంగు గీతలా కనిపిస్తుంది.

చిచిగల్పా పేరు ఉద్దానం గురించి చదివిన తెలుగువారికి కొత్త కాదు. కారణం పూర్తిగా తేలని కిడ్నీ వ్యాధి ఇక్కడి చెరకు కూలీలను దశాబ్దాలుగా బలి తీసుకుంటోంది. మండుటెండలో నీరు, విశ్రాంతి లేకుండా చేసే శ్రమను పరిశోధకులు ముఖ్య కారణాలలో ఒకటిగా చెబుతారు. నీడ, నీరు, విరామం కూలీలకు ఎలా అందుతున్నాయని ప్రతి సందర్శకుడూ అక్కడ అడగాలని నా కోరిక.

ఇక రుచి మాటకొస్తే, నా ఓటు ఫ్లోర్ దె కాన్యా 12కే. తీపి దాదాపు ఉండదు. వేయించిన గింజల రుచి, ఆ తరువాత చెక్క, చివర స్వల్పమైన చేదు. 18లో చెక్క మరింత ముదిరి కాఫీ వైపు మొగ్గుతుంది, కానీ ఆ అదనపు ధరకు తగినంత తేడా నాకు కనిపించలేదు. సకాపా మొదటి గుటకకు ఎవరినైనా ఆకట్టుకుంటుంది, రెండో గ్లాసుకు తీపి మొహం మొత్తుతుంది. రమ్‌కు తీపి కలపడాన్ని లీటరుకు 20 గ్రాములకు మించనివ్వకుండా యూరోపియన్ యూనియన్ 2019 నాటి చట్టంలో కట్టడి చేసింది. ముదురు రమ్‌ను ప్రేమించేవారికి ఆ హద్దు కూడా ఎక్కువేనని నా అభిప్రాయం. ఈ రెంటి నడుమ బొత్రాన్ నిలుస్తుంది, ధరకు తగిన సరుకు అదే.

సమయం తక్కువైతే షేలాను వదిలి ఆంటిగ్వా, చిచిగల్పా చూస్తే చాలు. భారతదేశానికి తిరిగి వచ్చేవారికి సుంకం లేకుండా రెండు లీటర్ల మద్యమే అనుమతి, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. విమానాశ్రయానికి చేరేలోపు ఊళ్లోని సూపర్‌మార్కెట్‌లో ధర చూసి పెట్టుకొని, ఒక ఫ్లోర్ దె కాన్యా 12, ఒక బొత్రాన్ తెచ్చుకోమని చెబుతాను.