మాజ్డా సీఎక్స్-5 రివ్యూ: టొయోటా, హోండా గోలలో మనోళ్ళు పట్టించుకోని జపాన్ బండి

ఇక్కడ అమెరికాలో మనోళ్ళకి కారంటే రెండే కంపెనీలు. చదువుకోడానికి వచ్చిన కొత్తలో సెకండ్ హ్యాండ్ కరోలా లేకపోతే సివిక్, జాబ్ రాగానే కామ్రీ లేకపోతే అకార్డ్, పిల్లలు పుట్టాక హైలాండర్ లేకపోతే ఒడిస్సీ, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక టెస్లా. మధ్యలో ఎవడన్నా మాజ్డా అన్నాడంటే చాలు "అదెందుకురా, అమ్మేటప్పుడు రేటు రాదు" అని ప్రతివాడూ అడక్కుండానే సలహా ఇచ్చేస్తాడు. నేను సీఎక్స్-5 (మాజ్డా వాళ్ళ ఐదు సీట్ల ఎస్‌యూవీ) తీసుకుంటున్నా అని ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా బావ అయితే "స్వరాజ్ మాజ్డానా? స్కూల్ బస్సు కొంటున్నావేంట్రా" అని ఒకటే నవ్వు.

ఆయన తప్పేం లేదులెండి, మన వైపు మాజ్డా పేరు తెలిసిందే అలా. 80ల్లో జపాన్ వాళ్ళు మన దేశంలో చిన్న లారీలు చేయడానికి నాలుగు జట్లుగా దిగారు, డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్, స్వరాజ్ మాజ్డా. ఇందులో ఆల్విన్ నిస్సాన్ మన జహీరాబాద్‌లోనే, ఫ్రిజ్‌లూ వాచీలూ చేసిన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళదే, తర్వాత మహీంద్రా చేతికి పోయింది. స్వరాజ్ మాజ్డా పంజాబ్‌ది, 1983లో పెట్టారు, 2011లో పేరు ఎస్ఎంఎల్ ఇసుజు అని మార్చేదాకా ఆ మినీ బస్సులు మన రోడ్ల మీద ఎన్ని తిరిగాయో లెక్కే లేదు.

సరే అసలు విషయం. నడపడం అంటే సరదా ఉండి, ఇంట్లో ముగ్గురు నలుగురే ఉండి, కారుని ఎక్కువ కాలం ఉంచుకునే ఉద్దేశం ఉంటే సీఎక్స్-5 కళ్ళు మూసుకుని తీసుకోండి. మైలేజే ముఖ్యం, వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చోవాలి అంటే వద్దు, ఇక్కడే ఆపేసి టొయోటా ఆర్ఏవీ4 హైబ్రిడ్ చూసుకోండి. మిగతాదంతా ఎందుకు అలా అంటున్నానో చెప్పడానికే, దానికి కంపెనీ కథ కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ బండిలో ఉన్న మంచీ చెడూ రెండూ ఆ కంపెనీ మొండితనం నుంచి వచ్చినవే అని నా నమ్మకం.

మాజ్డా ఊరు హిరోషిమా. 1920లో తోయో కార్క్ కోగ్యో అని సీసా బిరడాల్లో వాడే బెండు తయారు చేయడానికి పెట్టిన కంపెనీ అది, కార్లకీ దానికీ సంబంధమే లేదు. మరుసటి ఏడు జుజిరో మత్సుదా అనే ఆయన చేతికి వచ్చింది. చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టి చిన్నప్పుడే కమ్మరి పని నేర్చుకున్న మనిషి ఆయన, బెండు వ్యాపారం ఎదగట్లేదని మిషన్ల వైపు తిప్పాడు, 1931లో మూడు చక్రాల ట్రక్కు బయటికి తెచ్చాడు. 1945 ఆగస్టు 6న ఊరి మీద బాంబు పడ్డ రోజు ఆయన 70వ పుట్టినరోజు. ఫ్యాక్టరీ బాంబు పడ్డ చోటికి ఓ 5 కిలోమీటర్ల దూరంలో ఉండటం, మధ్యలో హిజియామా అనే గుట్ట అడ్డం ఉండటంతో బిల్డింగులు చాలావరకు నిలబడ్డాయి. ఊళ్ళో ఉన్న ఉద్యోగులు మాత్రం చాలామంది పోయారు. జిల్లా కలెక్టరేట్ లాంటి ప్రభుత్వ ఆఫీసు మొత్తం నెలల తరబడి ఈ ఫ్యాక్టరీ బిల్డింగుల్లోంచే నడిచింది, ఊళ్ళో ఇంకేం మిగల్లేదు మరి. అదే ఏడు డిసెంబర్‌కల్లా మళ్ళీ మూడు చక్రాల బండ్లు చేయడం మొదలెట్టేశారు, నాలుగు నెలల్లో! ఇప్పటికీ ఆ ఊరి బేస్‌బాల్ టీమ్ పేరు హిరోషిమా తోయో కార్ప్, అందులో తోయో అంటే ఈ కంపెనీయే.

60ల్లో ఇంకో గండం. జపాన్ ప్రభుత్వం కార్ల కంపెనీలు ఎక్కువైపోయాయి, చిన్నవాటిని పెద్దవాటిలో కలిపేద్దాం అని ఆలోచన చేస్తోంది. కలిపేస్తే మాజ్డా పేరు గల్లంతే. అప్పుడు ప్రెసిడెంట్ త్సునేజి మత్సుదా, ఎవరి దగ్గరా లేనిది మన దగ్గర ఉంటే తప్ప బతకం అనుకుని 1961లో జర్మనీ వెళ్ళి ఎన్ఎస్‌యూ అనే కంపెనీతో రోటరీ ఇంజన్ లైసెన్స్ ఒప్పందం చేసుకొచ్చాడు. రోటరీ అంటే పిస్టన్ పైకీ కిందకీ కొట్టుకోదు, మన వెట్ గ్రైండర్‌లో రాయి తిరిగినట్టు మూడు మూలల రోటర్ ఒకటి గదిలో తిరుగుతూ ఉంటుంది, చిన్న ఇంజన్‌లోంచి బోలెడు పవర్. వినడానికి బ్రహ్మాండం. తీరా చేసి చూస్తే రోటర్ మూలలకి పెట్టిన సీళ్ళు లోపలి గోడని గీకేస్తున్నాయి, విప్పి చూస్తే అలలు అలలుగా గీతలు, వాటికి ఆ ఇంజనీర్లే దయ్యం గోళ్ళ గాట్లు అని పేరు పెట్టుకున్నారు. ఆయిల్ తాగడం, పొగ కక్కడం సరేసరి.

కెనిచి యమమోటో అనే ఇంజనీర్ కింద 47 మందిని కూర్చోబెట్టి ఇదే పని మీద వేశారు. ఆ సీల్ కోసం వాళ్ళు చూడని మెటీరియల్ లేదు, ఆవు ఎముక, గుర్రం ఎముక కూడా పెట్టి చూశారని చెప్తారు. చివరికి కార్బన్‌లోకి అల్యూమినియం ఎక్కించి చేసిన సీల్‌తో గాట్లు ఆగాయి. 1967 మేలో ఆ ఇంజన్ పెట్టిన కాస్మో స్పోర్ట్ కారు అమ్మకానికి వచ్చింది. అమ్మింది ఎంతో తెలుసా, 1972 వరకు మొత్తం 1,176 బండ్లు. వ్యాపారం లెక్కలో అది సున్నా. కానీ లైసెన్స్ ఇచ్చిన ఎన్ఎస్‌యూ వాళ్ళే ఆ ఇంజన్ దెబ్బకి కుదేలైపోతే, లైసెన్స్ కొనుక్కున్న మాజ్డా వాళ్ళు దాన్ని నిలబెట్టారు. యమమోటో తర్వాత 1984లో కంపెనీ ప్రెసిడెంట్ కూడా అయ్యాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడు అంటారే, ఈ కంపెనీని చూసే అన్నారేమో అనిపిస్తుంది నాకు.

మొండితనానికి మూల్యం కూడా కట్టారు లెండి. 1973లో ఆయిల్ సంక్షోభం వచ్చేసరికి అమెరికా ప్రభుత్వం టెస్టులో రోటరీ బండ్లు సిటీలో గ్యాలన్‌కి 10-11 మైళ్ళే ఇస్తున్నాయని తేలింది, అంతే, కొనేవాడు లేడు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళని షోరూమ్‌లకి పంపి కార్లు అమ్మించారు. సుమితొమో బ్యాంక్ దిగి గట్టెక్కించింది, 1979లో ఫోర్డ్ పావు వంతు వాటా తీసుకుంది, 90ల్లో మళ్ళీ చేతులు కాల్చుకుంటే 1996లో ఫోర్డ్ వాటా 33.4 శాతానికి పెంచుకుని హెన్రీ వాలెస్‌ని ప్రెసిడెంట్‌గా కూర్చోబెట్టింది, జపాన్ కార్ల కంపెనీకి విదేశీయుడు పెద్ద అవ్వడం అదే మొదటిసారి. ఈ కష్టాల మధ్యలోనే 1989లో మియాటా అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు వచ్చింది, 1991లో రోటరీ ఇంజన్ పెట్టిన 787బి రేసు కారు ఫ్రాన్స్‌లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది, 362 ల్యాపులు. చివరి వంతు నడిపిన జానీ హెర్బర్ట్ నీరసంతో పడిపోయి పోడియం కూడా ఎక్కలేకపోయాడు. ఆ తర్వాత మళ్ళీ జపాన్ కంపెనీ అక్కడ గెలవడానికి 2018 దాకా పట్టింది, టొయోటా. మాజ్డా గెలిచిందని కుళ్ళుకుని రోటరీని బ్యాన్ చేశారు అని వీడియోల్లో తెగ చెప్తుంటారు గానీ, ఇంజన్ రూల్ మారబోతోందని ముందే నిర్ణయమైపోయింది, ఆ సంగతి తెలిసే చివరి ఛాన్స్ అని దిగారు వాళ్ళు.

2008లో ఫోర్డ్‌కే డబ్బుకి కటకట వచ్చి వాటా అమ్ముకోవడం మొదలెట్టింది. ఒంటరిగా మిగిలిన మాజ్డా అప్పుడు పూర్తిగా సొంతంగా చేసుకున్న టెక్నాలజీయే స్కైయాక్టివ్, అది మొత్తంగా ఎక్కించిన మొదటి బండే 2012లో వచ్చిన సీఎక్స్-5. అందరూ చిన్న ఇంజన్ పెట్టి టర్బో తగిలించి, సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్స్ వేసి మైలేజ్ చూపిస్తుంటే వీళ్ళు మాత్రం మామూలు పెట్రోల్ ఇంజన్‌లోనే కంప్రెషన్ని, అంటే సిలిండర్‌లో పెట్రోల్, గాలి కలిపి ఎంత నొక్కుతారో ఆ లెక్కని, 13:1కి తీసుకెళ్ళారు (యూరప్‌లో 14:1). అంత కంప్రెషన్‌లో మామూలుగా ఇంజన్ నాక్ కొడుతుంది (పెట్రోల్ టైమ్ కాకుండానే అంటుకుని టకటకమంటుంది), కాలిన వేడి గ్యాస్ లోపల మిగలకుండా త్వరగా బయటికి పోయేలా పొడుగు సైలెన్సర్ పైపులు మెలికలు తిప్పి పెట్టి దాన్ని ఆపారు. మనం మాత్రం బంకులో అన్నిటికంటే చవకైన 87 ఆక్టేన్ పెట్రోలే కొట్టించుకోవచ్చు.

నడిపితే ఏం తేడా అంటారా? యాక్సిలరేటర్ పెడల్ పైనుంచి వేలాడదు, కింద ఫ్లోర్‌కి ఆనుకుని ఉంటుంది, మడమ కదపకుండా కాలు ఎంత నొక్కితే అంతే కదులుతుంది, దూరం పోయేటప్పుడు పిక్క లాగదు. సీవీటీ బండ్లలో హైవే ఎక్కేటప్పుడు తొక్కితే ఇంజన్ గీ అని అరుస్తుంది గానీ బండి ఆలోచించుకుని కదులుతుంది చూడండి, ఇందులో మామూలు 6 గేర్ల ఆటోమేటిక్ కాబట్టి టక్కున గేర్ దింపి లాగేస్తుంది. స్టీరింగ్ తిప్పిన క్షణంలో ఇంజన్ పవర్ వెంట్రుకవాసి తగ్గించి బరువు ముందు చక్రాల మీదకి తెచ్చే ఏర్పాటు ఒకటి ఉంది, మనకి తెలియను కూడా తెలియదు, మలుపుల్లో పక్కన కూర్చున్నవాళ్ళ తల అటూ ఇటూ ఊగదు అంతే. మా అమ్మకి ఏ కారెక్కినా కడుపులో తిప్పుతుంది, ఇందులో హాయిగా నిద్రపోయింది.

లోపల స్క్రీన్ సంగతి మీద మాత్రం జనం రెండుగా చీలిపోతారు. 2021 నుంచి 2025 మోడల్స్ దాకా చాలా బండ్లలో ఆ స్క్రీన్‌ని వేలితో ముట్టుకుంటే పనిచేయదు, గేర్ వెనకాల ఉన్న గుండ్రటి నాబ్ తిప్పి నొక్కాలి. టెస్ట్ డ్రైవ్‌లో చిరాకేస్తుంది. అలవాటయ్యాక చెయ్యి దానంతటదే వెళ్తుంది, రెండు టిక్కులు కుడికి, ఒక నొక్కు, మ్యాప్ వచ్చేస్తుంది, కళ్ళు రోడ్డు మీద నుంచి తియ్యక్కర్లేదు. ఏసీకి విడిగా బటన్లు ఉన్నాయి, దండం పెట్టాలి వాళ్ళకి.

ఇక చెడు. డిక్కీ చిన్నది, 30 క్యూబిక్ ఫీట్ చిల్లర, హోండా సీఆర్-వీది 39. ఇండియా నుంచి అత్తమామలు నాలుగు 23 కేజీల సూట్‌కేసులతో దిగితే ఎయిర్‌పోర్ట్‌లో ఆ తేడా ఏంటో అర్థమవుతుంది, ఒకటి వెనక సీట్లోకి వచ్చి తీరుతుంది. వెనక మధ్య సీటు పేరుకే. మైలేజ్ సిటీ 26, హైవే 31 అని రాసి ఉంటుంది, ఆర్ఏవీ4 హైబ్రిడ్ 40 దగ్గర ఇచ్చే రోజుల్లో అది తక్కువే. రీసేల్ టొయోటా అంత రాదు, నిజమే, కానీ అదే కారణంతో సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడికి లాభం కూడా, ఆ సంగతి మనోళ్ళు ఎందుకో ఆలోచించరు.

నమ్మకం సంగతి అడుగుతారు అందరూ. పాత మాజ్డాలకి, ముఖ్యంగా 2000ల్లో వచ్చిన మాజ్డా3కి, మంచు పడి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తుప్పు పట్టే చెడ్డపేరు ఉంది, ఆ పేరు ఊరికే రాలేదు. 2014లో అయితే 42 వేల మాజ్డా6 బండ్లు వెనక్కి పిలిచారు, కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు, సాలీడు. పెట్రోల్ వాసనకి వచ్చే ఒక రకం సాలీడు ట్యాంక్ గాలి గొట్టంలో గూడు కట్టేస్తోందట! ఇంకో పక్క 2020లో వస్తువుల్ని పరీక్షించి రేటింగులిచ్చే అమెరికా సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్ళ రిలయబిలిటీ ర్యాంకుల్లో టొయోటా, లెక్సస్‌లని దాటి మాజ్డా మొదటి స్థానంలో నిలిచింది. 2024లో జపాన్‌లో బండ్ల సర్టిఫికేషన్ టెస్టుల్లో తేడాలు బయటపడ్డప్పుడు మాజ్డా పేరూ ఉంది, టొయోటా, హోండా పేర్లూ ఉన్నాయి, అందుకే "జపాన్ బండి కదా, ఏ తప్పూ చెయ్యరు" అనే గుడ్డి భక్తి ఎవరి మీదా అక్కర్లేదు.

డీలర్ల గురించి ఒక్క మాట. నేను మొదట వెళ్ళిన చోట పేరెందుకు గానీ, రేటు మాట్లాడుకున్నాక పేపర్ల మీద పెయింట్ ప్రొటెక్షన్, టైర్ల ప్యాకేజీ అని రెండు వేల డాలర్ల పైన కలిపేశారు, లేచి వచ్చేశా. ఏ కంపెనీ అయినా ఇదే భాగోతం కాబట్టి మొత్తం రేటు మెయిల్‌లో రాయించుకున్నాకే ఇంట్లోంచి కదలండి. సోల్ రెడ్ క్రిస్టల్ అనే ఎరుపు రంగుకి విడిగా డబ్బులు తీసుకుంటారు, ఎండలో చూస్తే ఇవ్వబుద్దేస్తుంది, గీత పడితే రంగు కలపడం మాత్రం బాడీ షాప్ వాడికి తలనొప్పి, పార్కింగ్ ఇరుకుగా ఉండే అపార్ట్‌మెంట్‌లో ఉంటే బూడిద రంగు తీసుకోండి.

టర్బో కావాలా అని అడిగితే నేను వద్దనే అంటా. 2.5 టర్బోలో మొదట్లో వచ్చిన బండ్లకి సిలిండర్ హెడ్ దగ్గర కూలెంట్ కారే సమస్య ఉందని కంపెనీయే డీలర్లకి సర్వీస్ బులెటిన్ (రిపేరు సూచన) ఇచ్చింది, సెకండ్ హ్యాండ్ టర్బో చూస్తుంటే ఆ రికార్డు అడక్కుండా తీసుకోవద్దు. మామూలు 187 హార్స్‌పవర్ ఇంజన్ రోజువారీ పనికి చాలు. 2022 నుంచి అమెరికాలో అన్ని సీఎక్స్-5లకీ ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ పవర్) మామూలుగానే వస్తుంది కాబట్టి అక్కడినుంచి వెతకండి. హైబ్రిడే కావాలంటే మాజ్డాదే ఇంకో బండి సీఎక్స్-50 ఉంది, దాన్ని అలబామాలో టొయోటాతో కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో చేస్తారు, హైబ్రిడ్ సరుకు కూడా టొయోటాదే. 2026 కొత్త సీఎక్స్-5లో నాబ్ తీసేసి పెద్ద టచ్ స్క్రీన్ పెట్టేశారు, డిక్కీ, వెనక సీటు పెంచారు, కాబట్టి ఇంట్లో మనుషులు ఎక్కువుంటే కొత్తది ఒకసారి చూడండి, నాలాగా నాబ్ కావాలనుకునేవాళ్ళు 2025 మోడల్ లేదా అంతకు ముందు బండి దొరికినప్పుడే పట్టేయండి.