టెడ్డీ వెదర్‌ఫోర్డ్ కోసం కలకత్తాలో

కలకత్తా వెళ్తే మనవాళ్లు కాళీఘాట్, దక్షిణేశ్వరం, హౌరా బ్రిడ్జి చూసుకుని, రసగుల్లా డబ్బాలు కట్టించుకుని వచ్చేస్తారు. నేను ఈసారి వెళ్లింది మాత్రం టెడ్డీ వెదర్‌ఫోర్డ్ అనే అమెరికన్ జాజ్ పియానో వాద్యకారుడి జాడలు చూద్దామని. ఆయన 1903 అక్టోబర్‌లో వర్జీనియాలోని పోకహాంటస్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడు. న్యూ ఆర్లీన్స్‌లో పియానో నేర్చుకుని చికాగో చేరాడు. అక్కడ వెండోమ్ థియేటర్‌లో, ఎర్‌స్కిన్ టేట్ ఆర్కెస్ట్రాలో, పేరుమోసిన ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కన వాయించాడు. 1926లో జాక్ కార్టర్ బ్యాండుతో ఓడెక్కి ఆసియా వచ్చేశాడు. ఆ తర్వాత షాంఘై, సింగపూర్, బొంబాయి. చివరికి 1945 ఏప్రిల్ 25న, 41 ఏళ్ల వయసులో, కలరా సోకి కలకత్తాలో చనిపోయాడు.

బయల్దేరే ముందు, వీళ్లిద్దరూ కలిసి వాయించిన 1926 నాటి ‘స్టాటిక్ స్ట్రట్’ రికార్డు ఒకసారి వినండి. ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ అంత జోరుగా ఊదుతున్నా, పియానో వంతు వచ్చేసరికి చెవి అటే పోతుంది. ఎడమచేయి కింద తాళం పట్టుకుని ఉంటే, కుడిచేయి పైన పరుగు తీస్తుంది. ఆ వాయింపు చెవిలో ఉంటేనే ఈ ప్రయాణానికి రుచి.

సికింద్రాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మంచిది, నేరుగా హౌరాలో దింపుతుంది. విజయవాడ, విశాఖ మీదుగా వెళ్లే కోరమాండల్ ఇప్పుడు షాలిమార్‌లో ఆగిపోతుంది. అక్కడి నుంచి సామాన్లతో క్యాబ్ వెతుక్కోవడం వేరే పని. హౌరాలో దిగితే స్టేషన్ దగ్గరే మెట్రో ఉంది. 2024లో మొదలైన ఈ లైను హుగ్లీ నది కింద నుంచి వెళ్లి ఎస్ప్లనేడ్‌లో దింపుతుంది. ఖర్చు బాగా తక్కువ, బ్రిడ్జి మీద ట్రాఫిక్ టెన్షన్ లేదు. పైకొచ్చి కొంచెం నడిస్తే చౌరంగీ.

బసకు సడ్డర్ స్ట్రీట్ పక్క సందులో ఒక చిన్న హోటల్ తీసుకున్నాను. చౌరంగీకి, న్యూ మార్కెట్‌కి, రికార్డుల షాపులకి నడిచి వెళ్లొచ్చని ఆశ. ఆ సదుపాయం నిజమే, గది మాత్రం బాగాలేదు. బుకింగ్‌లో కిటికీ ఉందన్నారు. అది తెరిస్తే ఎదురుగా గోడ, కింద వంటగది ఎగ్జాస్ట్. వేడినీళ్లు అడిగితే బకెట్‌తో తెచ్చిచ్చారు, అదీ ఎనిమిది దాటాక. ఒంటరిగా తిరిగేవాళ్లకు సరిపోతుంది కానీ కుటుంబంతో వెళ్లేవాళ్లు బాలీగంజ్, లేక్ మార్కెట్ వైపు చూసుకోండి. అక్కడ దక్షిణాది టిఫిన్లూ దొరుకుతాయి, మెట్రో కూడా దగ్గరే.

ఇక అసలు చోటు గ్రాండ్ హోటల్. చౌరంగీ రోడ్డు వెంబడి పొడుగ్గా సాగే తెల్లటి భవనం, కింద స్తంభాల వరుస. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన అరతూన్ స్టీఫెన్ అనే ఆర్మేనియన్ వ్యాపారి దీన్ని కట్టించాడు. 1930ల్లో అంటురోగం వచ్చి మూతపడితే మోహన్ సింగ్ ఒబెరాయ్ లీజుకు తీసుకుని మళ్లీ తెరిచారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఊరంతా అమెరికన్, బ్రిటిష్ సైనికులే. వాళ్లను ఇక్కడ ఆడించిన బ్యాండు టెడ్డీదే. ఆ బ్యాండులో రంగూన్ నుంచి వచ్చిన క్లారినెట్ వాద్యకారుడు రూబెన్ సాలమన్ ఉన్నాడు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు ఉత్తరాంధ్ర నుంచి రంగూన్ వెళ్లిన మన కూలీ కుటుంబాలు ఎన్నో అడవుల్లో నడుచుకుంటూ తిరిగొచ్చాయి. ఆ యుద్ధమే ఇటు ఈ వాద్యకారుల్నీ కలకత్తాకు తెచ్చింది. మరుసటి ఏడాది బెంగాల్ కరువు. ఇదే చౌరంగీలో ఆకలితో జనం పడిపోతుంటే లోపల డాన్స్ సాగింది. ఈ రెండూ కలిపి చెప్పకపోతే టెడ్డీ కథ సగమే అవుతుంది.

స్తంభాల కింద ఇప్పుడు బెల్టులు, గడియారాలు, పిల్లల బట్టలు అమ్మేవాళ్లు బారులు తీరి ఉంటారు. నేను ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచాను. టెడ్డీ పేరు చెప్పే ఫలకం ఒక్కటీ నాకు కనపడలేదు. బాధేసింది. షాంఘైలో కానిడ్రోమ్ అనే డాన్స్ హాలు కోసం 1934లో అమెరికా వెళ్లి ట్రంపెట్ వాద్యకారుడు బక్ క్లేటన్ బ్యాండును వెంటబెట్టుకొచ్చిన మనిషి, 1937లో పారిస్‌లో సోలో రికార్డులు చేసిన మనిషి. ఆయన ఆఖరి కచేరీలు జరిగిన ఊళ్లో ఒక చిన్న రాతిపలక పెట్టడం పెద్ద పనేం కాదు.

నాకు బాగా నచ్చింది ఫ్రీ స్కూల్ స్ట్రీట్. ఇప్పుడు మీర్జా గాలిబ్ స్ట్రీట్ అంటున్నారు, ఆటోవాళ్లకు పాత పేరే అలవాటు. అక్కడ పాత గ్రామఫోన్ రికార్డులు అమ్మే షాపులు ఇంకా కొన్ని ఉన్నాయి. ఒక షాపతను టెడ్డీ పేరు వినగానే స్టూలు ఇటు జరిపి “బోసున్ దాదా” (కూర్చో అన్నా) అన్నాడు. టెడ్డీ కలకత్తాలో కొలంబియా కంపెనీకి చేసిన రికార్డులు ఇప్పుడు దొరకడం కష్టమన్నాడు. ఉన్న 78 ఆర్పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డుల్లో ఒకటి తీసి, గుడ్డతో గుండ్రంగా తుడిచి, ట్యూబ్‌లైట్ కిందకు వంచి గీతలు చూపించాడు. పింగాణీ పళ్లెమంత బరువుంది. అంచున గోటితో చిన్నగా తట్టి, “పగులు ఉంటే చప్పుడు మారుతుంది” అని హిందీలో చెప్పాడు. కొనకపోయినా విసుక్కోలేదు. బేరం ఆడొచ్చు, కానీ ముందు వినిపించమని అడగండి.

పార్క్ స్ట్రీట్‌లో లైవ్ మ్యూజిక్ ఉన్న రెస్టారెంట్లకు మంచి పేరుంది. సాయంత్రం సరదాగా గడుస్తుంది. అయితే ఆ వీధి వైభవం టెడ్డీ పోయిన తర్వాతిది, ఎక్కువగా 1960లదీ 70లదీ. నేను వెళ్లిన చోట పాతకాలం హిందీ పాటలు, ఇంగ్లీషు పాప్ వాయించారు. బిల్లు బరువుగానే వచ్చింది. జాజ్ కోసమే వెళ్తే నిరాశ తప్పదు. ఆయన కాలం నాటి రుచి కావాలంటే 1927 నుంచి ఉన్న ఫ్లూరీస్‌లో టీ తాగండి, లేదా న్యూ మార్కెట్ లోపల 1902 నాటి నాహూమ్స్‌లో ప్లమ్ కేక్ కొనుక్కోండి. రెండోది చవక, నా ఓటు దానికే. చౌరంగీలో ఒకప్పుడు గ్రాండ్‌తో పోటీపడిన ఫిర్పోస్ రెస్టారెంట్ మాత్రం ఇప్పుడు లేదు, ఆ పేరుతో మార్కెట్ మిగిలింది.

ముంబయి తాజ్ హోటల్ కూడా ఈ కథలో భాగమే. కలకత్తాకు ముందు టెడ్డీ అక్కడే బ్యాండు నడిపాడు. ఆ హోటల్ తెరిచింది కూడా ఆయన పుట్టిన 1903లోనే. ఆ కాలంలో అమెరికన్లను దగ్గరగా విని వాయించడం నేర్చుకున్న గోవా వాద్యకారుల్లో కొందరు తర్వాత హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లోకి వెళ్లారు. చిక్ చాకొలెట్ అని పిలిచే గోవా వాద్యకారుడి ట్రంపెట్ అలా వెళ్లిందే. చూడ్డానికి మాత్రం ఒక పూట చాలు. సెక్యూరిటీ దాటి లాబీ దాకా వెళ్లొచ్చు. సీ లాంజ్‌లో టీ ధర వింటే మనసు గేట్‌వే దగ్గర కటింగ్ చాయ్ మీదకే పోతుంది. ఇందుకోసమే ముంబయి టికెట్ కొనక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో సంగతి. చికాగోలో వెండోమ్ థియేటర్‌ను ఎప్పుడో కూల్చేశారు. అది సౌత్ స్టేట్ స్ట్రీట్‌లో, 31వ వీధి దగ్గర ఉండేది. ఆ చోటు ఇప్పుడు ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వైపు పడింది. అక్కడ చదువుకునే తెలుగు పిల్లలు ఎందరో! గ్రీన్ లైన్ రైల్లో 35వ వీధి స్టేషన్‌లో దిగి, స్టేట్ స్ట్రీట్ మీద ఉత్తరానికి నాలుగు వీధులు నడిస్తే చాలు.