ఆ బ్యాలే డిస్కు కొనకండి, సగానికి పైగా కోసేసి అమ్ముతున్నారు

నాట్యం, సంగీతం డిస్కులు కొరియర్‌లో పంపే ఆ అమ్మకందారు మీలో చాలామందికి తెలుసు. నేనూ అతని దగ్గర నాలుగుసార్లు కొన్నాను. ఈసారి ‘స్లీపింగ్ బ్యూటీ’కి 1,450 రూపాయలు ముందే చెల్లించాను. పూర్తి ప్రదర్శనేనా అంటే ‘ఒక్క నిమిషం కూడా తగ్గదు మేడం’ అన్నాడు.

మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. ఇత్తడి పళ్లెం అంచుల మీద తరంగం ఇప్పుడిప్పుడే సాధన చేస్తోంది. అందుకే ఈ బ్యాలేలో తను ఎదురుచూసింది ఒక్క ఘట్టం కోసం. మొదటి అంకంలో, పుట్టినరోజు నాడు, రాకుమారి అరోరా ఒంటికాలి మునివేళ్ల మీద నిలబడి నలుగురు రాకుమారుల చేతులు ఒక్కొక్కటిగా అందుకుని వదులుతుంది. ఒక చేయి వదిలి మరొకటి అందుకునే లోపు ఆమెకు ఏ ఆధారమూ ఉండదు. దాన్ని ‘రోజ్ అడాజియో’ అంటారు. 1890లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెటిపా అనే నాట్యకర్త కూర్చిన నాట్యం అది.

ఆదివారం సాయంత్రం అందరం కూర్చున్నాం. పసిపాప అరోరా ఉయ్యాల దగ్గర, కదురు గుచ్చుకుంటుందని దుష్ట మాయావి కారబోస్ శాపం పెట్టింది. తెర నల్లబడింది. వెలుగు వచ్చేసరికి రాకుమారుడు ముద్దుపెట్టి ఆమెను లేపుతున్నాడు! ‘ఆ పిల్ల నిద్రపోయింది ఎప్పుడు?’ అని మా అత్తగారు అడిగారు. పుట్టినరోజు లేదు, గులాబీలు లేవు, కదురు గుచ్చుకోవడం లేదు. పెళ్లిలో నీలిపిట్ట నాట్యమూ లేదు. పూర్వరంగం, మూడు అంకాలు కలిపి విరామాలు లేకుండానే రెండు గంటలు దాటే ప్రదర్శన 58 నిమిషాల్లో ముగిసింది. ఎక్కడైనా దాగి ఉందేమోనని పాప వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ వెతికింది.

ఫోన్ చేశాను. ‘కడపలో కూర్చుని ఆ నాట్యంలో ఏది పోయిందో మీకెలా తెలుస్తుంది మేడం?’ అన్నాడు. స్పీకర్‌లో పాప కూడా విన్నది. ఏ అంకంలో ఏమి వస్తుందో నోటు పుస్తకంలో రాసుకుని కూర్చున్న పిల్ల, పుస్తకం మూసి లోపలికి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. మా ఊళ్లో బ్యాలే ఆడరు కనుకనే కదా డిస్కు కొన్నది! ఏది పోయిందో అంకాల వారీగా చెప్పబోతే మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఎత్తనే లేదు.

నాలుగుసార్లు సరిగా పంపాడని నమ్మి, నిడివి ఎంతో రాతలో అడగకపోవడం నా తప్పే. మీరు కొనేముందు ఎన్ని నిమిషాలో, ఏయే అంకాలు ఉన్నాయో రాయించుకోండి. డీవీడీ అయితే అది ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే ప్రాంత సంఖ్య (రీజియన్ కోడ్) కూడా పెట్టె మీద చూడండి, మన దేశానిది 5. డబ్బు మాత్రం ముందే పంపకండి.