పిల్లల భృతి: అందరికీనా, పేదలకేనా?

పిల్లల పేదరికాన్ని తగ్గించేందుకు కుటుంబాలకు నేరుగా నగదు ఇవ్వదలచిన ప్రభుత్వాలు ముందుగా తేల్చుకోవలసింది, ఆ సొమ్ము పిల్లలున్న ప్రతి ఇంటికీ చేరాలా, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకే పరిమితం కావాలా అన్నది.

రెండో మార్గానికి పేరుపొందిన ఉదాహరణ, బ్రెజిల్‌లో 2003లో మొదలైన బోల్సా ఫమీలియా. పిల్లలను బడికి పంపాలి, టీకాలు వేయించాలి అన్న షరతులతో, ఎక్కువగా తల్లుల పేరిట నగదు ఇచ్చిన ఈ పథకం స్వల్ప వ్యయంతోనే కోటికి పైగా కుటుంబాలను చేరింది. అయితే ఆదాయ పరీక్ష వినడానికి ఉన్నంత తేలిక కాదు. దినకూలీ సంపాదనకు పత్రాలుండవు. నిజమైన నిరుపేదలే దరఖాస్తు దశలో జారిపోతుంటారు. పరిమితికి కాస్త పైనున్నవారికి ఏమీ దక్కదు.

అందరికీ ఇస్తే ఈ వడపోత ఉండదు. పోలండ్ 2016లో నెలకు 500 జ్లోటీల భృతిని ప్రవేశపెట్టినప్పుడు మొదటి బిడ్డకు విధించిన ఆదాయ పరిమితిని 2019లో ఎత్తివేసింది. సంపన్నులకెందుకన్న ఆక్షేపణ (ఇది ప్రతిచోటా వినిపించేదే) అంత బలమైనది కాదు, ఎందుకంటే బ్రిటన్ 2013 నుంచి చేస్తున్నట్టు, వారికిచ్చినదాన్ని పన్ను రూపంలో తిరిగి రాబట్టవచ్చు. అసలు చిక్కు ఖర్చుతోనే: పన్నుల రాబడి తక్కువగా ఉన్నచోట అందరికీ పంచితే ఒక్కో బిడ్డకు దక్కేది నామమాత్రమవుతుంది. అటువంటి దేశాలు పేదలను ఏరడానికి బదులు, అయిదేళ్లలోపు పిల్లలందరితో మొదలుపెట్టి వయోపరిమితిని క్రమంగా పెంచుకుంటూ పోవడమే మేలని నా అభిప్రాయం.