చివర జెడ్ ఉంటే పెట్టె రాదు

వడ్రంగి మిషన్ల గురించి రివ్యూలు బోలెడున్నాయి. వాటిని పెట్టే పెట్టె గురించి మాత్రం ఎవరూ చెప్పరు. యూట్యూబ్‌లో అయితే మూత తీసి, మిషన్ బయటికి తీసి, పెట్టెను పక్కకి నెట్టేస్తారు. ఒకే షెడ్‌లో కూర్చుని పనిచేసేవాళ్లకి అది చాలు. మాకు చాలదు. బెంగళూరు హొరమావులో మాకు చిన్న షెడ్ ఉంది. కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు అక్కడ కోసుకుని అపార్ట్‌మెంట్లకి తీసుకెళ్లి బిగిస్తాం. అంచులు చెక్కే ట్రిమ్మర్, వంపులు కోసే జిగ్‌సా, డ్రిల్లు, స్క్రూలు బిగించే ఇంపాక్ట్ డ్రైవర్, కాంక్రీట్‌లో బెజ్జాలు వేసే హామర్ మిషన్ అన్నీ పొద్దున వ్యాన్ ఎక్కాలి, సాయంత్రం దిగాలి. మదనపల్లి వైపు నుంచి వచ్చే పాత మేస్త్రీలు ఇప్పటికీ అన్నీ యూరియా సంచిలో వేసుకుని భుజానికెత్తుకుంటారు. వాళ్ల మిషన్ల వైర్లు చూస్తే భయమేస్తుంది.

నేను రోజూ వాడేది జపాన్ మిషన్ల కంపెనీ మకీటా వాళ్ల మాక్‌ప్యాక్, ఒకదానిమీద ఒకటి పేర్చే ప్లాస్టిక్ పెట్టె. నాలుగు సైజులు. అడుగు భాగం అన్నిటికీ ఒకటే, సుమారు 395 బై 295 మిల్లీమీటర్లు. మారేది ఎత్తు ఒక్కటే: టైప్ 1కి 105, టైప్ 2కి 157.5, టైప్ 3కి 210, టైప్ 4కి 315. ఆ పాయింట్ అయిదు ఎందుకా అనిపిస్తుంది గానీ, లెక్క వేసి చూడండి. రెండు టైప్ 1లు కలిస్తే ఒక టైప్ 3 ఎత్తు. రెండు టైప్ 2లు పెట్టినా, మూడు టైప్ 1లు పెట్టినా ఒక టైప్ 4 ఎత్తు. మా మారుతి ఈకో వ్యాన్‌లో వెనక సీటు తీసేసిన చోట రెండు వరసలు పేరిస్తే పైభాగం సమంగా వస్తుంది. దానిమీద ఒక ప్లై ముక్క వేసి, ఎడ్జ్ బ్యాండ్ చుట్టలు, గమ్ డబ్బాలు పెట్టుకుంటాం. ఒకదానికొకటి లాక్ అవుతాయి కాబట్టి హెబ్బాల దగ్గర బస్సు అడ్డమొచ్చి గట్టిగా బ్రేక్ వేసినా కూలవు.

ఈ కొలత మకీటా సొంతం కాదు. జర్మనీలో టానోస్ అనే కంపెనీ 1993లో సిస్టైనర్ పేరుతో తెచ్చింది. ఫెస్టూల్ అనే కంపెనీ మిషన్లు వచ్చేది అందులోనే. పాత సిస్టైనర్ల ఎత్తులూ ఇవే, అందుకే రెండూ ఒకే వరసలో పేర్చుకోవచ్చు. కొత్త తరం సిస్టైనర్లకైతే ఎత్తునే పేరుగా పెట్టారు: ఎం 112, ఎం 137, ఎం 187 ఇలా. పెట్టె పేరంటే అలా ఉండాలి. టేపు తీయక్కర్లేదు, పేరు చూసి షెల్ఫ్ కొట్టేసుకోవచ్చు.

బాష్ వాళ్ల ఎల్-బాక్స్ కూడా ఉంది మా దగ్గర. గట్టితనంలో దానికి వంక పెట్టలేను. మావాడు దానిమీద నిలబడి లాఫ్ట్ స్క్రూలు బిగిస్తుంటాడు, నేను అరుస్తుంటాను, పెట్టెకి మాత్రం ఏమీ కాలేదు. పక్కన క్లిప్పులు టక్కుమని పడతాయి. ఎక్కువగా కనిపించే సైజు 136, కానీ బయటి ఎత్తు 151 మిల్లీమీటర్లు. నంబరు చూసి షెల్ఫ్ కొడితే ఇరుక్కుంటుంది. అసలు చిక్కు అడుగు భాగం దగ్గర. ఇది 442 బై 357. మాక్‌ప్యాక్ మీద ఇది కూర్చోదు, దీనిమీద అది కూర్చోదు. అందుకే వ్యాన్‌లో రెండు కులాలు, రెండు వరసలు. కొత్తగా మిషన్లు కొనేవాళ్లు బ్యాటరీ ఏ కంపెనీదో తేల్చుకునేటప్పుడే పెట్టె సంగతి కూడా తేల్చుకుంటే మంచిది. తర్వాత మార్చడం కష్టం.

ఇక పేర్లు. పెట్టె వస్తుందా రాదా అనేది మకీటాలో మోడల్ చివరి అక్షరాల్లో ఉంటుంది. డీటీడీ153 అంటే 18 వోల్ట్ ఇంపాక్ట్ డ్రైవర్. దాని వెనక జెడ్ ఒక్కటే ఉంటే మిషన్ మాత్రమే. బ్యాటరీ లేదు, చార్జర్ లేదు, మాక్‌ప్యాక్ లేదు. జెడ్‌జే అంటే మిషన్, మాక్‌ప్యాక్. ఆర్‌టీజే అంటే ఫాస్ట్ చార్జర్, 5 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు, మాక్‌ప్యాక్. అందులో టీ బదులు ఎఫ్ ఉంటే ఆ రెండు బ్యాటరీలు 3 ఆంపియర్ అవర్‌వి, ఎం ఉంటే 4వి, జీ ఉంటే 6వి. మా బావమరిది ఆన్‌లైన్‌లో రేటు తక్కువుందని ఒకటి తెప్పించాడు. అట్టపెట్టె విప్పి, అడుగున చెయ్యి పెట్టి తడిమి, "బావా, దీంట్లో బ్యాటరీ మర్చిపోయినారు" అన్నాడు. ఆ అమ్మినవాళ్లు పేజీలో పెట్టిన ఫొటోలో బ్యాటరీ, చార్జర్, పెట్టె అన్నీ ఉన్నాయి. కింద మోడల్ నంబరు చివర మాత్రం చిన్నగా జెడ్. వాపస్ పంపితే రవాణా ఖర్చు మాదేనన్నారు.

తమాషా ఏంటంటే ఇవే అక్షరాలు వైరు మిషన్ల దగ్గర వేరే అర్థం. హామర్ మిషన్ హెచ్‌ఆర్2470కి టీ తగిలిస్తే బిట్టును పట్టే చక్ చేత్తో ఊడదీసి మార్చుకునే రకం, ఎఫ్ తగిలిస్తే లైటున్న రకం. పాత మకీటా నంబర్లే నాకు నచ్చుతాయి. నాలుగంకెల్లో మొదటిదాన్ని బట్టి జాతి తెలిసిపోయేది: 1 అంటే చిత్రిక మిషన్, 3 అంటే చెక్కలో గాడి తీసే రౌటర్ లేదా ట్రిమ్మర్, 5 అంటే వుడ్ కట్టర్, 6 అంటే డ్రిల్లు, 9 అంటే గ్రైండర్ లేదా సాండర్. బెంగళూరులో మిషన్లు అమ్మే ఎస్‌జేపీ రోడ్డులో ఇప్పటికీ "3709 ఇవ్వండి" అంటే చాలు, ట్రిమ్మర్ కౌంటర్ మీదికి వస్తుంది. అదే యూట్యూబ్‌లో అమెరికావాళ్లని చూసి ఎక్స్‌డీటీ అని అడిగితే కుర్రవాడు తెల్లమొహం వేస్తాడు. ఒకే ఇంపాక్ట్ డ్రైవర్‌ని జపాన్‌లో టీడీ171డీ అంటారు, మన వైపు డీటీడీ171, అమెరికాలో ఎక్స్‌తో మొదలయ్యే ఇంకో పేరు.

బాష్‌లో అక్షరాలు నయం. అన్నీ జర్మన్ పొడి అక్షరాలు, ఒకసారి పట్టుబడితే మర్చిపోం. మొదటి జీ అంటే నీలం రంగు ప్రొఫెషనల్ మిషన్, పీ అంటే ఇంట్లో వాడుకునే ఆకుపచ్చ రకం. జీఎస్‌టీ జిగ్‌సా, జీకేఎస్ వుడ్ కట్టర్, జీహెచ్‌ఓ చిత్రిక, జీఓఎఫ్ రౌటర్. చిక్కంతా అంకెల్లో. జీకేఎస్ 190లో 190 అంటే బ్లేడు మిల్లీమీటర్లు. జీఓఎఫ్ 130లో 130 అంటే 1300 వాట్లు. జీఎస్‌బీ 120 డ్రిల్లులో అది 12 వోల్టులు. హామర్ మిషన్ జీబీహెచ్ 2-26 అంటే రెండు కిలోల తరగతి, కాంక్రీట్‌లో 26 మిల్లీమీటర్ల బెజ్జం. ఈ మధ్య వస్తున్న జీఎస్‌బీ 18వీ-50 లాంటివి కాస్త తిన్నగా ఉన్నాయి: 18 వోల్టులు, తిప్పే బలం 50 న్యూటన్ మీటర్లు.

ఈ నంబర్ల గోల ఎందుకంటే, ఇక్కడి పెద్ద అపార్ట్‌మెంట్లలో గేటు దగ్గర మిషన్ల లిస్టు రాయాలి. మోడల్, సీరియల్ నంబరు రాసి సంతకం పెడితేనే సర్వీస్ లిఫ్ట్ ఎక్కనిస్తారు. సాయంత్రం అదే లిస్టు పట్టుకుని సరిచూస్తారు. మిషన్ మీది స్టిక్కర్ చెమటకి, రంపపు పొట్టుకి అరిగిపోయి ఉంటుంది, కాబట్టి సెక్యూరిటీవాళ్లు పెట్టె మీదిది చదువుతారు. లోపల మావాడు తొందరలో గ్రైండర్ పెట్టెలో సాండర్ పెట్టాడంటే ఇక అయిపోయింది, సూపర్‌వైజర్ వచ్చేదాకా టెన్షన్. ఇప్పుడు ప్రతి పెట్టె పొట్టి వైపున మోడల్, సీరియల్ నంబర్లు తెల్ల పెయింట్ మార్కర్‌తో రాసి, పైన పారదర్శక టేపు అంటించాను. వరసలో పేర్చినా ఆ వైపు కనిపిస్తుంది.

తిట్టాల్సినవీ ఉన్నాయి. మాక్‌ప్యాక్ లోపల వచ్చే ప్లాస్టిక్ ట్రే ఆ ఒక్క మిషన్‌కే అచ్చు. ట్రిమ్మర్‌కి బిట్టు బిగించి అలాగే పెడదామంటే మూత పడదు, గైడు విడిగా పెట్టాలి, రెంచికి చోటుండదు. నేను ట్రే తీసేసి, చెప్పులకి వాడే మందం రబ్బరు షీటు మిషన్ ఆకారంలో కోసి వేసుకున్నాను. బ్లేడుతో ఒక్కసారిగా కోయకండి, పలచగా రెండు మూడు గీతలు గీస్తే అంచు నిటారుగా వస్తుంది. వానాకాలం తడి మిషన్‌ని పెట్టి మూసేస్తే బేస్ ప్లేట్ తుప్పు పడుతుంది. షూ డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా అందులో వేస్తాం.

వీటికంటే చౌకలో, మిషన్‌తో పాటు ఉచితంగా వచ్చే సూట్‌కేస్ లాంటి బోలు ప్లాస్టిక్ పెట్టెలుంటాయి. అలాంటిది ఒక కంపెనీది నా దగ్గర ఉండేది. వీపు గుండ్రంగా ఉండి దేనిమీదా నిలవదు. క్లిప్పు విరిగాక, సర్వీస్ సెంటర్‌లో క్లిప్పు విడిగా రాదన్నారు. కొన్నాళ్లు పాత సైకిల్ ట్యూబు కట్టి వాడి, ఆపైన గుజిరీకి వేశాను.

కొనేవాళ్లకి: ఇంపాక్ట్ డ్రైవర్, డ్రిల్లు లాంటివి కొత్తగా కొంటుంటే ఆర్‌టీజే లాంటి సెట్ తీసుకోండి, అందులో పెట్టె విడిగా కొన్నదానికంటే చాలా చౌక పడుతుంది. ఇప్పటికే బ్యాటరీలున్నవాళ్లు జెడ్‌జే అడగండి. షాపులో జెడ్ మాత్రమే ఉందంటే, ఖాళీ టైప్ 2 విడిగా బిల్లులో కలిపి మొత్తం మీద తగ్గించమని బేరమాడండి. ఎస్‌జేపీ రోడ్డులో తగ్గిస్తారు, మధ్యాహ్నం భోజనాల టైమ్‌లో మాత్రం వెళ్లకండి.