హాలోవీన్ దొంగతనమా, జిమ్మీ జాబ్ ఆటలా?

2013 నుంచి 2021 వరకు ఎనిమిది సీజన్లుగా సాగిన అమెరికన్ హాస్య ధారావాహిక 'బ్రూక్లిన్ నైన్-నైన్'లో న్యూయార్క్ డిటెక్టివులు స్టేషనులోనే ఆడుకొనే పోటీలు ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది హాలోవీన్ దొంగతనం. స్టేషను అధిపతి కెప్టెన్ హోల్ట్ గదిలోని శౌర్య పతకాన్ని అర్ధరాత్రిలోగా కాజేస్తానని డిటెక్టివ్ జేక్ పెరాల్టా పందెం కాసి నెగ్గడంతో ఇది మొదలై, ఏటేటా కొత్త వస్తువుతో, కొత్త వెన్నుపోట్లతో పెరుగుతూ వచ్చింది. రెండో ఏడు హోల్ట్ పగ తీర్చుకున్నాడు. మూడో ఏడు, ఎవరూ లెక్కలోకి తీసుకోని డిటెక్టివ్ ఎమీ శాంటియాగో గెలిచింది. అయిదో సీజనులో జేక్ ఈ పోటీనే అడ్డుపెట్టుకొని ఆమెకు పెళ్లి ప్రస్తావన చేశాడు. ముఖంలో నవ్వే కనిపించని హోల్ట్ చిన్నపిల్లవాడిలా పట్టుదలకు పోవడమే ఇందులోని అసలు హాస్యమని నా అభిప్రాయం.

జిమ్మీ జాబ్ ఆటలకు ఇంత పన్నాగం లేదు. అప్పటి ఇరాన్ అధ్యక్షుడు అహ్మదీనెజాద్ పేరు నోరు తిరగక పుట్టిన ఈ పేరుతో, కెప్టెన్ లేని సమయం చూసుకొని, బాంబు నిర్వీర్య దళం తొడుగులతో పరుగెత్తడం వంటి పిచ్చి పోటీలు జరుగుతాయి. ఇవి 2014లో ఒకసారి, 2020లో మరొకసారి మాత్రమే కనిపించాయి. పని లేని మధ్యాహ్నం ఏ కార్యాలయంలోనైనా పుట్టగల అల్లరికి ఇవే దగ్గరగా ఉన్నా, మలుపుల కోసం మళ్లీ చూడాలనిపించేది మాత్రం దొంగతనాన్నే.